పొగాకు చేలలో హంతకుడి జాడ

డిటెక్టివ్ నవలలకు అలవాటు పడ్డవాళ్లు నచ్చిన రచయిత దొరికితే ఇక పక్కకు చూడరు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, రాజుల కోసం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగిన తరాన్ని అడిగితే చెబుతారు. ఈ అలవాటుకు మంచి విరుగుడు రీడింగ్ ఛాలెంజ్. ముందే ఒక నియమం పెట్టుకుని, ఏడాది పొడుగునా దాని ప్రకారమే పుస్తకాలు ఎంచుకోవాలి. దేశానికొక నవల అనుకోవచ్చు, దశాబ్దానికొకటి అనుకోవచ్చు. అక్షరక్రమంలో చదివేవాళ్లూ ఉన్నారు. అమెరికన్ రచయిత్రి స్యూ గ్రాఫ్టన్ అయితే ఏకంగా రాయడానికే ఆ నియమం పెట్టుకుంది. 1982లో ‘ఎ ఈజ్ ఫర్ ఆలిబై’తో మొదలుపెట్టి 2017లో ‘వై’ దాకా వచ్చింది. ఆ డిసెంబర్‌లోనే కన్నుమూసింది. ‘జెడ్’ పుస్తకం రాలేదు, ఇంకెవరిచేతా రాయించబోమని కుటుంబం చెప్పేసింది.

నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో ఉండే తెలుగువాళ్లకు వీటికంటే బాగా నప్పే నియమం ఒకటుంది. కాపురం ఉంటున్న రాష్ట్రాన్నే హత్యా నవలల్లో చదవడం.

అందుకు రచయిత్రి మార్గరెట్ మారన్‌ను మించినవాళ్లు లేరు. రాలీకి ఆగ్నేయాన ఉన్న జాన్‌స్టన్ కౌంటీలో, పొగాకు పండించే ఇంట్లో పెరిగిన మనిషి. 1992లో వచ్చిన ‘బూట్‌లెగ్గర్స్ డాటర్’ ఎడ్గార్, ఆగథా, ఆంథొనీ, మెకావిటీ బహుమతులు నాలుగింటినీ గెలుచుకుంది. కథానాయిక డెబొరా నాట్ లాయరు, తర్వాత జడ్జి. తండ్రి కెజీ ఒకప్పుడు పేరుమోసిన దొంగసారా వ్యాపారి. పైగా పదకొండుమంది అన్నలు! ఇంత బలగమున్న ఆడపిల్ల న్యాయపీఠం ఎక్కితే ఏమవుతుందో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

కథ జరిగే కాలెటన్ కౌంటీ కల్పితం. అందులోని గొడవలు మాత్రం నిజమైనవే. ‘అప్ జంప్స్ ద డెవిల్’ (1996)లో పొరుగువాడి హత్య వెనక పెరుగుతున్న భూముల ధరలున్నాయి. పొగాకు చేలు చదునై ఇళ్ల ప్లాట్లుగా మారుతున్న కాలమది. మోరిస్‌విల్ పాఠకుడు కాసేపు పుస్తకం మూసి కిటికీలోంచి చూడాల్సిన చోటు ఇదే. 2000లో ఈ ఊరి జనాభా 5 వేల పైచిలుకు, 2020 నాటికి 29 వేలు దాటింది. 1959లో పుట్టిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు పక్కనే ఉంది, అక్కడి ఉద్యోగాలే మనవాళ్లను ఇక్కడికి తెచ్చాయి. నవలలో రైతులు కొత్త కాలనీలను చూసి విసుక్కుంటుంటే, ఆ కాలనీల్లో ఉంటున్నది మనమేనని గుర్తొస్తుంది. అమరావతి, కోకాపేట భూముల కథలు విన్నవాళ్లకు ఆ రైతుల బాధా కొత్త కాదు.

మిగతా నవలలు రాష్ట్రమంతా తిప్పుతాయి. ‘షూటింగ్ ఎట్ లూన్స్’ సముద్రతీరంలో చేపలు పట్టేవాళ్ల తగాదాలు చూపిస్తుంది. ‘కిల్లర్ మార్కెట్’ హై పాయింట్ ఫర్నిచర్ సంతలోది, ‘అన్‌కామన్ క్లే’ సీగ్రోవ్ కుమ్మరులది, ‘హై కంట్రీ ఫాల్’ పడమటి కొండలది. ‘హోమ్ ఫైర్స్’ నల్లజాతివారి చర్చిల దహనాల గురించి, ‘హార్డ్ రో’ వలస కూలీల గురించి.

నిజం చెప్పాలంటే, హంతకుడెవరన్న చిక్కుముడి విషయంలో మారన్ ఆగథా క్రిస్టీకి సాటిరాదు. కొన్ని నవలల్లో శవం కంటే చుట్టాల ముచ్చట్లే ఎక్కువ. కానీ ఈ ఛాలెంజ్‌కు కావలసింది ఆ ముచ్చట్లే.

మోరిస్‌విల్‌లో వేక్ కౌంటీ లైబ్రరీ శాఖ ఉంది, కౌంటీలో ఉండేవాళ్లకు సభ్యత్వం ఉచితం. డెబొరా నాట్ వరుసలో నవలలు మొత్తం 20, చివరిది 2015లో వచ్చింది. నెలకొకటి చదివినా రెండేళ్లలోపే పూర్తవుతాయి. పాత్రల పెళ్లిళ్లూ చావులూ ఒక పుస్తకం నుంచి ఇంకోదానికి సాగుతుంటాయి కాబట్టి మధ్యలో దూరకండి, ‘బూట్‌లెగ్గర్స్ డాటర్’తోనే మొదలుపెట్టండి.