తాకట్టు కొట్టు చేరిన వంటగిన్నెలు

తాగుడు ఇంటికెంత చేటో చెప్పే బొమ్మలు మనకు కొత్త కాదు. ఇంగ్లీషువాళ్ళు ఈ పని ఎప్పుడో మొదలుపెట్టారు. 1751లో లండన్‌లో విలియం హోగార్త్ అనే చిత్రకారుడు రెండు బొమ్మలు రాగిరేకు మీద చెక్కి, అచ్చువేసి, ఒక్కోటి షిల్లింగుకి అమ్మాడు. ఒకటి ‘బీర్ స్ట్రీట్’, రెండోది ‘జిన్ లేన్’. తాగుడు వద్దనేవాడు బీరునెందుకు మెచ్చుకున్నాడంటారా? బీరు తమ దేశపు పానీయమట, ఒంటికి బలమట! జిన్ను మాత్రం కొంప కూలుస్తుందట. ఈ తేడా నాకైతే మింగుడుపడలేదు సుమండీ.

‘జిన్ లేన్’ చూడండి. అది సెయింట్ జైల్స్ అనే బీదపేట. మెట్ల మీద ఒక తల్లి మైకంలో నస్యం పీలుస్తోంది. చేతుల్లోంచి బిడ్డ జారి, తలకిందులుగా పడిపోతున్నా ఆమెకు తెలీదు. ఇంకొకామె పసిదాని నోట్లో జిన్ను పోస్తోంది. ఓ పక్కన తాకట్టు కొట్టు. వడ్రంగి రంపం తెచ్చాడు, ఓ ఇల్లాలు వంటగిన్నెలు మోసుకొచ్చింది. నా చూపు ఆ గిన్నెల దగ్గరే ఆగిపోతుంది. అవి కూడా కొట్లోకి వెళ్ళాక ఇక పొయ్యి వెలిగించి మాత్రం ఏం లాభం? ‘బీర్ స్ట్రీట్’లో అయితే తాకట్టు షావుకారు ఇల్లే కూలడానికి సిద్ధంగా ఉంటుంది.

ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసి జిన్ను అమ్మకాన్ని కట్టడిచేసింది. బాగానే ఉంది. కానీ 1690లో సారా బట్టీలకు తలుపులు బార్లా తెరిచింది కూడా ఆ పార్లమెంటే కదా! ధాన్యానికి గిరాకీ పెరిగి భూస్వాములు బాగుపడ్డారు. బొమ్మలో ఆ భూస్వామి ఎక్కడా కనపడడు. నట్టనడుమ కూర్చోబెట్టింది తల్లిని. జనం జిన్నుకి పెట్టుకున్న పేర్లలో కూడా ‘మదర్ జిన్’ అని ఒకటుంది. నిందకి ఆడదే దొరికింది కాబోలు.

దాదాపు నూరేళ్ళకి, 1847లో, జార్జ్ క్రూక్‌షాంక్ ‘ది బాటిల్’ అని ఎనిమిది బొమ్మల కథ వేశాడు. ఇక్కడ సీసా ఇంట్లోకి తెచ్చేది భర్త. “ఒక్క చుక్క” అని భార్యని బతిమాలేదీ అతనే. రెండో బొమ్మకి ఉద్యోగం పోతుంది, బట్టలు తాకట్టుకెళతాయి. మూడోదానికి సామాను జప్తు. తర్వాత ముష్టి, చంటిబిడ్డ చావు, తన్నులాటలు. ఏడో బొమ్మలో ఆ సీసాతోనే భార్యని చంపేస్తాడు.

ఇవి వేశాక క్రూక్‌షాంక్ తానే తాగుడు మానేశాడు. ఆఖరి బొమ్మలో ఆ భర్త పిచ్చాసుపత్రిలో ఉంటాడు. చూడ్డానికి కొడుకూ కూతురూ వస్తారు. వాళ్ళిద్దరూ అప్పటికే చెడుదారి పట్టినవాళ్ళు.