డాబాగార్డెన్స్ వేధశాల

ఆకాశాన్ని చూచి కాలాన్ని గణించడం మన పంచాంగకర్తలకు తరతరాలుగా సంక్రమించిన విద్య. అయితే సొంత ధనంతో దూరదర్శినిని తెప్పించి, ఇంటి ఆవరణలోనే వేధశాలను నెలకొల్పిన తెలుగువాడు పందొమ్మిదో శతాబ్దంలోనే ఉండేవారన్న సంగతి చాలామంది ఎరుగరు.

ఆయన గోడే వెంకట జగ్గారావు (1817-1856). విశాఖపట్నానికి చెందిన సంపన్న జమీందారు. యౌవనంలో మద్రాసు వెళ్లి, అక్కడి ప్రభుత్వ వేధశాలాధిపతి టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించారు. 1840 ప్రాంతంలో విశాఖలోని డాబాగార్డెన్స్‌లో వేధశాలను స్థాపించారు.

ఇది కేవలం జమీందారు వేడుక కాదు. యామ్యోత్తర రేఖను ఒక నక్షత్రం దాటే క్షణాన్ని పట్టుకొంటే గడియారపు తప్పు బయటపడుతుంది. ఆ సరియైన కాలాన్ని ఊరికి, రేవుకు తెలుపడానికి డాల్ఫిన్స్ నోస్ కొండపై జగ్గారావు ధ్వజస్తంభం నిలిపారు. నావికులకు అది ప్రాణాధారమైన విషయం. ఓడలోని గడియారం నాలుగు సెకన్లు తప్పితే, విశాఖ అక్షాంశం వద్ద ఓడ స్థానం లెక్కలో దాదాపు 1.8 కిలోమీటర్లు తప్పుతుంది. చీకటి రాత్రి తీరం సమీపించే ఓడకు ఆ దూరం చాలు, బండకు తగలడానికి!

జగ్గారావు అనంతరం అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యత వహించారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లని చుక్కవలె సాగిపోయిన దృశ్యాన్ని ఆయన విశాఖనుండి పరిశీలించారు. సూర్యునికీ భూమికీ గల దూరాన్ని నిర్ణయించడానికి ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఎదురుచూచిన రోజది. 1892లో ఆయన మరణించగా, భార్య అచ్చయ్యమ్మ కొంతకాలం వేధశాలను నిలబెట్టారు. జగ్గారావు కుమార్తె అయిన ఆమె పేరు ఈ కథలో తరచుగా మరుగున పడడం విచారకరం.

మరి ఇంతటి వేధశాల ఎందుకు అదృశ్యమైంది? మద్రాసు వేధశాలతో పోల్చి చూస్తే కొంత బోధపడుతుంది. దానికి ప్రభుత్వం అండ ఉన్నది. 1899లో అక్కడి ఖగోళ పరిశోధన కొడైకెనాల్‌కు తరలినా పరంపర తెగలేదు. కుప్పానికి తూర్పున, తమిళనాడులోని జవ్వాది కొండలలో నెలకొన్న కావలూరు వేధశాల ఆ వంశవృక్షపు కొమ్మయే. విశాఖ వేధశాలకు ఆధారం ఒక్క కుటుంబమే. చూచే కన్నులు, వెచ్చించే చేతులు ఆ ఇంటివే కావడంతో, ఆ తరాలు గడిచాక దానిని అందుకొనే వ్యవస్థ లేకపోయింది.

ఇక స్థలనామం మరొక చిక్కుముడి. చదునైన పైకప్పు గల ఇంటిని తెలుగులో డాబా అంటాము. నక్షత్రవీక్షణకు అనువైన చోటూ అదే కదా అని, ఆ పేరు జగ్గారావు మేడనుండి వచ్చిందని ఊహించాలనిపిస్తుంది. కాని ఊహకు శబ్దసామ్యం ఒక్కటే చాలదు. 1840కి ముందే ఆ పేరు వాడుకలో ఉంటే ఈ ఊహ అక్కడే కూలిపోతుంది. అందుకు వెదకవలసినది నిఘంటువులలో కాదు, పాత భూమి దస్తావేజులలో.