దూది పోయింది, కులం పోలేదు: కృష్ణా మెట్టలో దూదేకులవారు

ముస్లింలలో కులం లేదు, వాళ్ల వెనకబాటంతా ఒక్కటే అనే మాట మన సభల్లోనూ వినిపిస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ఆ మాట నిలవదు. ఈ మెట్ట నేలల్లో పత్తి పండుతుంది. ఆ పత్తిని ఏకి బతికిన ముస్లింలే దూదేకులవారు. నూర్‌బాషా, పింజారి, లద్దాఫ్ అన్నా వీళ్లే.

పెద్ద విల్లు, దానికి బిగించిన నరం తాడు, ఆ తాడును కొట్టే చెక్క గుండు వీళ్ల పనిముట్లు. తాడు అదురుకు గడ్డకట్టిన దూది పింజలుగా విడిపోతుంది. ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవారు. ఏకే మిషన్లు, ఆ వెనక ఫోం పరుపులు వచ్చి ఆ పనిని మింగేశాయి. భూమిలేని ఇళ్లకు మిరప కోతలు, పత్తి తీతలు, ఆటో, చిల్లర బేరాలే మిగిలాయి.

వీళ్ల ఇంటి భాష తెలుగు. పెళ్లికి ఖాజీ నిఖా చదువుతాడు, పెళ్లికూతురి మెడలో నల్లపూసలూ పడతాయి. పీర్ల పండగకు మాల మాదిగలతో సహా ఊరంతా కదులుతుంది. వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడే. కానీ ఈ కలివిడితనమే వీళ్లకు నింద అయింది. ఉర్దూ రాదని పైవర్గపు ముస్లింలు వియ్యమందరు. ఊరికి మాత్రం వీళ్లు సాయిబులే.

వీళ్లను ముస్లిం తెగ అనేవారున్నారు. చట్టం లెక్కలో ఎస్టీలు కారు, బీసీ-బి. 2007 చట్టం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చిన బీసీ-ఇ వేరు. అందులో తురక చాకళ్లు, గారడీ సాయిబులు, ఫకీర్లు, రోళ్లకు కక్కు కొట్టేవారు ఉన్నారు. ముస్లిం అనగానే సర్టిఫికెట్‌లో బీసీ-ఇ అని పడితే దూదేకుల విద్యార్థి సీటు చిక్కుల్లో పడుతుంది. దరఖాస్తు చేసేటప్పుడే కులం పేరు సరిచూసుకోవాలి.

ఎస్టీ హోదాకు మతం అడ్డం కాదు. లక్షద్వీప్ ముస్లింలు ఎస్టీలే. ఎస్సీ హోదాకు మాత్రం 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం షరతు పెట్టింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తలుపు తెరిచారు. ముస్లిం, క్రైస్తవ దళితులు ఇంకా బయటే ఉన్నారు. ఆ షరతు తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది.

మతం మారినా కులం వెంట వస్తుందని మన మాలపల్లెలు, మాదిగపల్లెల్లోని క్రైస్తవులకు ఒకరు చెప్పనక్కర్లేదు. దూదేకులవారి అనుభవమూ అదే చెబుతోంది. కాబట్టి ముస్లింల లెక్క తీసేటప్పుడు కులాలవారీగా తీయమని మనం అడగాలి. లెక్కలోకి రాని కులానికి వాటా రాదు.