బ్రోయ్ వంశము: ఒక బిరుదు కథ

కళాశాలలో భౌతికశాస్త్రము చదివినవారికి డీ బ్రోగ్లీ అను పేరు పరిచితమే. పదార్థమునకు తరంగ స్వభావము కలదని చెప్పిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరది. కాని ఫ్రాన్సు దేశమున ఆ పేరును ఎవరును అట్లు పలుకరు. వ్రాతలో ఏడక్షరములున్నను నోటికి వచ్చునది ఒక్క పలుకే: ‘బ్రోయ్’. మైక్రోఫోను ముందు కూర్చుండి పరదేశముల పేర్లను ప్రతిదినము పలుకవలసిన మావంటివారికి ఇట్టి పేర్లు ఒక పరీక్ష. పేరును సరిగా పలుకుట ఎట్లని విచారింపబోయి, దాని వెనుక దాదాపు నాలుగు వందల యేండ్ల చరిత్ర దాగియుండుటను నేను కనుగొంటిని. ఆ చరిత్రనే నేడు పాఠకులకు మనవి చేయుచున్నాను.

ఈ వంశము పుట్టుకచే ఫ్రెంచివారిది కాదు. ఉత్తర ఇటలీలో పీడ్‌మాంట్ అను సీమ కలదు. అందు ట్యూరిన్ నగరమునకు సమీపముననున్న కియేరి పట్టణము వీరి పూర్వుల నివాసము. అప్పటి యింటిపేరు ‘బ్రోల్యా’. 17వ శతాబ్దమున ఫ్రాంచెస్కో మరియా బ్రోల్యా అను యోధుడు ఫ్రెంచి రాజు కొలువునకు వచ్చి చేరెను. ఆనాడు ఫ్రాన్సు మంత్రిగానున్న కార్డినల్ మజారె కూడ ఇటలీనుండి వచ్చినవాడే. 1656లో ఇటలీలోని వలెంజా కోట ముట్టడియందు ఆ యోధుడు ఫ్రెంచి పక్షమున పోరాడుచు ప్రాణములు విడిచెను. కొత్త దేశమున ఈ కుటుంబమునకు స్థానము లభించినది ఆ రక్తము వలననే. పేరు వ్రాతలో ఇటలీ గురుతు నిలిచినది; పలుకు మాత్రము ఫ్రెంచిదైనది.

తరువాత మూడు తరములవారు ముగ్గురును ఫ్రాన్సు మార్షల్ పదవి నందిరి. ఫ్రెంచి సైన్యమున అంతకు మించిన గౌరవము లేదు. విక్తోర్-మోరిస్ 1724లోను, ఆయన కుమారుడు ఫ్రాన్సువా-మరీ 1734లోను, మనుమడు విక్తోర్-ఫ్రాన్సువా 1759లోను మార్షల్ పదవిని పొందిరి. తాత, తండ్రి, కొడుకు వరుసగా ఈ పదవి నందుట ఆ దేశ చరిత్రలో అరుదైన విషయము. ఇది పుట్టుకతో వచ్చు బిరుదు కాదు, యుద్ధభూమిలో సంపాదింపవలసినది.

పుట్టుకతో వచ్చు బిరుదు 1742లో వచ్చినది. 15వ లూయీ రాజు ఫ్రాన్సువా-మరీని డ్యూక్‌గా చేసెను. ఫ్రాన్సు ప్రభువర్గమున పై మెట్టు డ్యూక్. దాని క్రింద మార్క్వి, కౌంట్, వైకౌంట్, బారన్ అను మెట్లుండెను. రాజు ఒకనిని డ్యూక్‌గా చేయుట యనగా కేవలము ఒక మాట బహూకరించుట కాదు. ఆతని భూములలో ఒకదానిని ‘డచీ’గా ప్రకటించి, రాజముద్రతో శాసన పత్రము నిచ్చెడివాడు. బిరుదు ఆ భూమిని అంటి యుండెడిది. నార్మండీ సీమలో వీరికున్న ఎస్టేటును రాజు అట్లు డచీగా చేసినప్పుడు, అక్కడి షాంబ్రే అను పట్టణమునకు బ్రోయ్ అని పేరు మారినది. మన తెలుగువారి యింటిపేర్లలో అనేకము ఊరి పేర్లే. ఇక్కడ క్రమము తలక్రిందులైనది. ఇటలీనుండి వచ్చిన యింటిపేరు ఫ్రాన్సులో ఒక ఊరికి పేరైనది. ఆ ఊరు నేటికిని ఆ పేరుతోనే యున్నది. వంశపు కోట ఊరి పైభాగమున నిలిచియున్నది.

బిరుదు సంక్రమించు విధమును ఇచ్చట కొంత వివరింపవలెను. డ్యూక్ బిరుదు ఒక కాలమున ఒక్కనికే చెందును. తండ్రి తరువాత పెద్ద కుమారునకు, అతడు లేనిచో అతని కుమారునకు, ఆ శాఖలో మగ సంతతి లేనిచో తమ్మునకు లేక దాయాదికి పోవును. కుమార్తెకు రాదు. తమ్ములకు భాగము లేదు. అయితే ఈ వంశమున మరియొక విశేషము కలదు. 1759 ఏప్రిల్ 13వ తేదీన ఫ్రాంక్‌ఫర్ట్ నగరము దాపున బెర్గెన్ వద్ద జరిగిన యుద్ధమున విక్తోర్-ఫ్రాన్సువా గొప్ప విజయము సాధించెను. సంతసించిన జర్మను చక్రవర్తి ఆయనకును, ఆయన సంతతివారందరకును పవిత్ర రోమన్ సామ్రాజ్యపు ‘ప్రిన్స్’ బిరుదు నిచ్చెను. కనుక ఈ యింట పుట్టిన ప్రతివాడును ప్రిన్స్. కుటుంబ పెద్ద మాత్రమే డ్యూక్. మన శాస్త్రజ్ఞుడు 1929లో నోబెల్ బహుమానము నందుకొన్నప్పుడు ప్రిన్స్ మాత్రమే యనియు, డ్యూక్ కాడనియు దీనివలన తేటపడును.

బిరుదు విలువ యేమో పరీక్షింపబడిన కాలము 1789. ఆ జూలై మాసమున 16వ లూయీ రాజు వృద్ధుడైన మార్షల్ విక్తోర్-ఫ్రాన్సువాను పిలిచి, పారిస్ చుట్టును మోహరించిన సేనల నప్పగించి యుద్ధమంత్రిగా నియమించెను. ఆ పదవి కొలది దినములే నిలిచినది. బస్తీయ్ కోట జూలై 14న ప్రజల వశమైనది. మార్షల్ దేశము విడిచిపోయెను. మరల తిరిగి రాలేదు. 1804లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ నగరమున మరణించెను.

ఆయన కుమారుడు క్లోద్-విక్తోర్ నడచిన మార్గము వేరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమున పాల్గొని వచ్చిన ఆ యువకుడు, ప్రభువర్గ ప్రతినిధిగా సభలో ప్రవేశించి ప్రజాపక్షమున నిలిచెను. 1790 జూన్ 19న ఆ సభయే వంశపారంపర్య ప్రభుత్వ హోదాలను, బిరుదులను రద్దు చేసినది. తండ్రి రాజు కొరకు దేశమును విడిచెను. కొడుకు విప్లవమునందు విశ్వసించి దేశముననే యుండెను. కాని 1792లో రాజును పదవినుండి తొలగించినప్పుడు, రాజ్యాంగమునకు అది విరుద్ధమని క్లోద్-విక్తోర్ అంగీకరింపలేదు. పర్యవసానముగా పదవి పోయినది, చెర వచ్చినది. 1794 జూన్ 27న గిలటిన్ క్రింద ఆయన శిరస్సు తెగినది. చనిపోవుటకు పూర్వము తన చిన్న కుమారునితో, విప్లవము అన్యాయము చేసినను, కృతఘ్నతను చూపినను, స్వేచ్ఛా సూత్రములను మాత్రము విడువవలదని చెప్పెనని ఆ కుటుంబ చరిత్రలో వినవచ్చును. మరికొన్ని వారములకే భీకర పాలన అంతమైనది.

ఆ బాలునికి అప్పటికి తొమ్మిదేండ్లు నిండలేదు. పేరు విక్తోర్. తండ్రి ముందే మరణించుటచే తాత బిరుదు నేరుగా ఈ మనుమనికి సంక్రమించి, ఆయన మూడవ డ్యూక్ అయ్యెను. 1814లో రాజరికము మరల వచ్చినప్పుడు ప్రాచీన ప్రభువులు తమ బిరుదులను తిరిగి ధరింపవచ్చునని శాసనము చేయబడినది. విక్తోర్‌కు ప్రభువుల సభలో స్థానము లభించెను. మరుసటి యేడే ఆ స్థానము అగ్నిపరీక్షగా మారినది. నెపోలియన్‌తో చేరెనను నేరముపై మార్షల్ నేను ఆ సభ విచారించినది. సభలో ఓటు వేయుటకు ముప్పది యేండ్ల వయస్సు నిండవలెను. విక్తోర్‌కు విచారణ జరుగుచుండగా, 1815 నవంబరు 28న ముప్పది నిండినవి. మౌనముగా తప్పించుకొనుటకు వీలుండియు, ఆయన సభకు పోయి కూర్చుండెను. నే నిర్దోషి యని ఓటు వేసెను. అట్లు వేసినవాడు సభ యంతటిలో ఆయన యొక్కడే. నే డిసెంబరు 7న కాల్చి చంపబడెను. రాజు ఇచ్చిన పీఠముపై కూర్చుండి రాజునకు కోపము తెప్పించు మాట చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో పాఠకులే ఊహింపగలరు. తండ్రి మాట కొడుకునకు చేరినదని అనుకొనవచ్చును.

1816లో ఆయన ప్రసిద్ధ రచయిత్రి మదాం ద స్తాల్ కుమార్తెను వివాహమాడెను. బానిసల వ్యాపారమునకు వ్యతిరేకముగా పాటుపడెను. ఫ్రెంచి వలస దీవులలో దాస్యమును ఎట్లు నిర్మూలింపవలెనో పరిశీలించుటకు 1840లో ఏర్పడిన సంఘమునకు అధ్యక్షత వహించి, 1843లో నివేదిక సమర్పించెను. దాస్యము 1848లో రద్దయినది. నడుమ 1835–36లో ప్రధానమంత్రిగ కూడ పనిచేసెను.

ఆయన కుమారుడు, నాలుగవ డ్యూక్, ఆల్బేర్. చక్కని చరిత్రకారుడు, కాని రాజకీయములందు కాలమునకు ఎదురీదినవాడు. 1873లో ప్రధానియై, రాజరికమును మరల నిలుపవలెనని యత్నించెను. సింహాసనమునకు రావలసిన షాంబోర్ ప్రభువు, విప్లవకాలపు మూడు రంగుల జెండాను తాను అంగీకరింపనని, తన పూర్వుల తెల్లజెండాయే కావలెనని పట్టుబట్టుటచే ఆ యత్నము విఫలమైనది. ఒక జెండా గుడ్డ కొరకు ఒక సింహాసనము పోయినది! 1877 మే మాసమున ఆల్బేర్ మరల ప్రధాని యయ్యెను. ఆ యేడు జరిగిన ఎన్నికలలో గణతంత్రవాదులు గెలిచిరి. నవంబరులో ఆయన దిగిపోయెను. రాజరికమునకు విరోధముగా ప్రజల తీర్పు స్థిరపడిన సందర్భమది. వంశ గౌరవమునకు ఓట్లు రాలవని ఆ డ్యూక్ కండ్లార చూచెను.

ఇట్లు కత్తితో రాజును, ఓటుతో రాజ్యమును సేవించిన మార్గములు రెండును మూసికొనిపోయినవి. ఇక ఆ యింటి పిల్లలు చేయవలసిన దేమి? ఆల్బేర్ మనుమడు మోరిస్ 1875లో జన్మించెను. నౌకాసేనలో అధికారిగా చేరెను; కాని మనస్సు భౌతికశాస్త్రముపై నిలిచినది. కుటుంబమువారికి రుచింపకున్నను కొలువు విడిచి, పారిస్ నగరమున తన సొంత భవనముననే ప్రయోగశాల నెలకొల్పెను. ఎక్స్-కిరణముల పరిశోధనకు అది పేరుపొందినది. మన దేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి ఇక్కడనే కలదు. ఢాకా విశ్వవిద్యాలయమునుండి 1924లో పారిస్ చేరిన సత్యేంద్రనాథ బోసు ఈ మోరిస్ ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసెను.

మోరిస్‌కు పదునేడేండ్లు చిన్నవాడైన తమ్ముడు లూయీ. 1892 ఆగస్టు 15న దియెప్ పట్టణమున జన్మించెను. 1906లో తండ్రి మరణింపగా, బిరుదుతో పాటు ఈ తమ్ముని బాధ్యతయు అన్నపై పడినది. లూయీ మొదట చదివినది చరిత్ర. 1911లో బ్రస్సెల్స్ నగరమున మహాశాస్త్రజ్ఞులు సమావేశమైనప్పుడు మోరిస్ కార్యదర్శులలో ఒకడు. అన్న తెచ్చిన ఆ చర్చల ప్రతులను చదివి తమ్ముడు శాస్త్రమువైపు తిరిగెను. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. లూయీ ఆ కాలమును ఐఫెల్ గోపురముననున్న వైర్‌లెస్ కేంద్రములో గడపెను. మార్షల్‌ల వంశజుడు యుద్ధమున పట్టినది కత్తి కాదు, రేడియో తరంగము!

యుద్ధానంతరము ఆయన వేసికొన్న ప్రశ్న యిది: తరంగమనుకొన్న వెలుతురు కొన్నియెడల కణమువలె ప్రవర్తించుచుండగా, కణమనుకొన్న ఎలక్ట్రాన్ తరంగమువలె ఏల ప్రవర్తింపరాదు? 1924 నవంబరులో తన సిద్ధాంత వ్యాసమున దీనిని ప్రతిపాదించెను. ఐన్‌స్టయిన్ దానిని మెచ్చుకొనెను. 1925లో ప్రకటించిన తన వ్యాసమున ఒక వంక బోసు గణన పద్ధతిని, మరొక వంక లూయీ తరంగములను గ్రహించి ముందునకు సాగెను. 1927లో అమెరికాలో డేవిసన్, గెర్మర్ అనువారును, స్కాట్లండులో జి. పి. థామ్సన్‌యు ప్రయోగములచే ఎలక్ట్రాన్ తరంగములను నిరూపించిరి. లూయీకి 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఈ తత్త్వముపై నిర్మింపబడినది. మన యింటి రేడియోలోని ట్రాన్సిస్టర్ ఎట్లు పనిచేయునో వివరించుటకు కూడ ఎలక్ట్రాన్ తరంగ స్వభావమే ఆధారము.

లూయీ 1944లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యెను. మరుసటి యేడు సభలోనికి స్వాగత మిచ్చినవాడు అంతకుముందే సభ్యుడైన అన్న మోరిస్. మోరిస్ కుమార్తె బాల్యముననే మరణించుటచే, 1960లో ఆయన తరువాత బిరుదు తమ్మునకు వచ్చి, లూయీ ఏడవ డ్యూక్ అయ్యెను. ఆయన అవివాహితుడు. 1987 మార్చి 19న ఆయన మరణింపగా బిరుదు దాయాదుల శాఖకు పోయినది.

ఇప్పుడు ఆ బిరుదునకు ఏమి విలువ? 1848లో మరల రద్దయి, 1852లో మరల వచ్చిన ఫ్రెంచి బిరుదులను తరువాతి గణతంత్ర ప్రభుత్వములు తుడిచివేయలేదు, క్రొత్తవి ఈయలేదు. న్యాయస్థానముల దృష్టిలో బిరుదు పేరునకు చేరిన ఒక భాగము మాత్రమే. వారసుడు న్యాయశాఖకు ఋజువులు చూపి తన బిరుదును నమోదు చేయించుకొనవచ్చును. దానివలన భూమి రాదు, పన్ను తగ్గదు, సభలో పీఠము దొరకదు.

అట్లని పుట్టుక ఏమియు ఈయలేదనుట సత్యము కాదు. సొంత భవనమున ప్రయోగశాల నెలకొల్పుటకు మోరిస్‌కు ధనము, తీరిక వంశము వలననే లభించినవి. ఎందరో ప్రతిభావంతులకు ఆ వసతి లేదు. కాని అదే ధనము, అదే తీరిక కలిగిన ప్రభు కుటుంబములు వందలుండెను. వాని పేర్లు నేడు ఎవరికి తెలియును? ఈ వంశపు నినాదము ‘భవిష్యత్తు కొరకు’. బిరుదు గతమునుండి వచ్చును. గౌరవమును మాత్రము ప్రతి తరమువారును మరల సంపాదించుకొనవలెను. 1815లో ఒంటరిగా వేసిన ఒక ఓటు, 1924లో వ్రాసిన ఒక వ్యాసము, ఏ రాజముద్రయు లేకయే నేటికిని నిలిచియున్నవి.