రాయలు కాచుకుని కూర్చున్న కొండ

చంద్రగిరి వెళ్లినవాళ్లు చాలామంది రాజమహల్ ముందు ఫొటో దిగి, లోపల మ్యూజియం ఓ చుట్టు చుట్టి, సాయంత్రానికి తిరుపతి చేరిపోతారు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని ప్రయాణం. మూడంతస్తుల ఆ మహల్ అందమైనదే, కాదనలేం. కలప ముక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో నిలబెట్టారు. అయితే అది కోటలో ఒక భవనం మాత్రమే. అసలు కోట వెనకాల కొండ.

కింది కోట గోడల్ని చూస్తూ నిదానంగా నడవాలి. మనిషెత్తు బండల్ని ఒకదానిమీద ఒకటి పేర్చారు. సున్నం పూత లేదు, అతుకు లేదు. బండకూ బండకూ మధ్య ఖాళీలో చిన్న రాళ్లు దూర్చి బిగించారు. మధ్యాహ్నం ఆ గోడమీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. అందుకే ఎక్కేదేదో పొద్దున్నే ఎక్కాలి. కోట దగ్గర చెనిక్కాయలు అమ్మే పెద్దామె కూడా అదే చెప్పింది: "యాడికి సామీ, ఎండలో కొండెక్కేది? నీళ్లన్నా పెట్టుకుండారా?"

వెయ్యేళ్ల కిందట యాదవరాయలు వేసిన కోట ఇది అంటారు. దీని కథ మలుపు తిరిగింది మాత్రం విజయనగర కాలంలోనే. ఇక్కడి పాలకుడు సాళువ నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. తరవాతి తరంలో అచ్యుతదేవరాయలు ఈ కోటలోనే కాపలా మధ్య రోజులు లెక్కపెట్టాడు. 1529లో అన్న కృష్ణదేవరాయలు పోయాక ఇక్కణ్నుంచి బయటపడి తిరుమల, శ్రీకాళహస్తిలో పట్టాభిషేకం చేయించుకున్నాడు. రాజ్యం కోసం కాచుకుని కూర్చున్నవాళ్ల కోట అన్నమాట. 1565లో విజయనగరం ఓడిన తళ్లికోట యుద్ధం తరవాత రాజ్యమే దీన్ని వెతుక్కుంటూ వచ్చింది. పెనుకొండ నుంచి రెండో వెంకటపతిరాయలు రాజధానిని ఇక్కడికి మార్చాడు. సింహాసనానికి దారి చూపిన కొండే చివరికి తలదాచుకునే చోటైంది. నన్నడిగితే హంపీకన్నా ఇక్కడే విజయనగరం మనసు బాగా తెలుస్తుంది. అక్కడ వైభవం కనిపిస్తుంది, ఇక్కడ భయం కనిపిస్తుంది.

మద్రాసు కథలోనూ చంద్రగిరికి వాటా ఉంది. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుడు ఈస్టిండియా కంపెనీకి సముద్రం ఒడ్డున కొంత జాగా ఇచ్చాడు. అతని తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఆ దానాన్ని 1645లో చంద్రగిరి రాజు శ్రీరంగరాయలు ఖాయం చేశాడు. ఆ మరుసటి ఏడే చంద్రగిరి గోల్కొండ చేతికి పోయింది. కూలిపోతున్న రాజ్యం సంతకంతో ఒక మహానగరం నిలబడింది!

పై దుర్గానికి దారి గుండ్రాళ్ల మధ్య, ముళ్లపొదల్లో మెలికలు తిరుగుతూ పోతుంది. గేటు దగ్గర సిబ్బందిని అడిగి, అనుమతి ఉంటేనే కదలండి. ఒంటరిగా వద్దు. కొండమీద వాన నీళ్లు పట్టుకునే గుంటలు చూస్తే ముట్టడికి ఎంత ముందుచూపుతో సిద్ధపడ్డారో అర్థమవుతుంది. గోడ ఎంత ఎత్తున్నా నీళ్లు అయిపోతే తలుపు తెరవాల్సిందే కదా. కింద రాణీమహల్ వెనక దిగుడు బావి కూడా ఆ ఏర్పాటులో భాగమే, చూడకుండా రావద్దు.

ఉత్తరాన తిరుమల కొండలు కోసినట్టు నిటారుగా నిలబడి ఉంటాయి. చంద్రగిరి కొండ గ్రానైటు. ఆ కొండలపై అంచులు మాత్రం క్వార్ట్‌జైటు. ఆ గ్రానైటు ఏర్పడడానికీ, దానిమీద ఈ క్వార్ట్‌జైటు పొరలు పేరుకోవడానికీ మధ్య కోట్ల ఏళ్లు గడిచాయి. తిరుమల ఘాట్ రోడ్డులో ఆ రెండూ కలిసే చోటు కంటికి కనిపిస్తుంది.

కాళ్లలో ఇంకా సత్తువ ఉంటే శ్రీనివాసమంగాపురం మీదుగా శ్రీవారి మెట్టుకు వెళ్లొచ్చు. విజయనగర రాయలు తిరుమల కొండకు నడిచిన దారి ఇదేనని ఇక్కడివాళ్ల మాట. 2,388 మెట్లు. అలిపిరి దారికన్నా పొట్టిదే గానీ నిటారు ఎక్కువ. చీకటి పడితే ఎక్కనివ్వరు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, కాబట్టి శనివారం పొద్దున బయల్దేరితే కోట, మెట్టు రెండూ ఒక్కరోజులో కలిసొస్తాయి.