పాము కరిస్తే గంటలు పోగొట్టుకోకండి

మాచర్ల చుట్టుపక్కల మిరప, పత్తి చేలల్లో పనులు మొదలైతే మా వార్డుకు పాము కాటు కేసులు వస్తుంటాయి. ముందు మంత్రం వేయించి, పసరు తాగించి, చివరికి ఆసుపత్రికి తెస్తారు. ఆ పోయిన గంటలను ఏ డాక్టరూ తిరిగి తేలేరు.

మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు. కనుక పామును చంపి తేనవసరం లేదు. కట్లపాము రాత్రి నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. గాటు, నొప్పి తెలియకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే తీసుకురండి.

మీరు చేయవలసినవి:
- రోగికి ధైర్యం చెప్పండి. నడిపించవద్దు.
- ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి.
- కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కర్రబద్ద కట్టండి.
- తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఇప్పటికే తాడు కట్టి ఉంటే మీరు విప్పకండి, డాక్టరు చూస్తారు.
- 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డ కట్టిందో లేదో చూస్తాము. విషం ఎక్కిన గుర్తులుంటేనే విరుగుడు మందు సెలైన్‌లో ఎక్కిస్తాము. కొందరికి అది పడదు, అందుకే పక్కనే ఉండి కనిపెడతాము. గుర్తులు లేకపోయినా 24 గంటలు ఉంచుతాము. "ఇంకా ఇంజెక్షన్ వేయలేదేం?" అని కంగారుపడి ఇంటికి తీసుకెళ్లవద్దు. ఊపిరి అందకపోతే శ్వాస మిషన్ ఉన్న పెద్దాసుపత్రికి పంపవలసి వస్తుంది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం. డబ్బు గురించి ఆలోచిస్తూ ఆగకండి. ముందు బయలుదేరండి.