కొండచరియలే మూలికలకు కోటలు

"డాక్టరుగారూ, అంగట్లో కొన్న ఈ సుగంధిపాల వేరు అసలైనదేనా?" అని మాచర్ల నుండి వచ్చిన ఒక గృహిణి అడిగారు. పరిశీలించగా అది మారెడు గడ్డ. పరిమళం ఒకటే కాని మొక్కలు వేరు. సుగంధిపాల వేరు సన్నగా ఉంటుంది. మారెడు గడ్డ లావుగా, కండ కలిగి ఉంటుంది. ఒకటి కరవైనప్పుడు రెండవది దాని పేరుతో అమ్ముడుపోతుంది.

మన పల్నాడు శాస్త్రరీత్యా జాంగల దేశం. నీరు తక్కువ, ఎండ తీక్ష్ణం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత బీళ్లు పంటపొలాలైనాయి. రైతుకు మేలే జరిగింది. కాని బీళ్లలోని మూలికలు నాగలికి తావిచ్చి, కొండలలో మాత్రమే మిగిలాయి.

గురుకులంలో ఉండగా గురువుగారు మమ్ములను ఎత్తిపోతలకు తీసుకొనిపోయేవారు. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుండి దూకే ఆ లోయలో, నడివేసవిలోనూ రాతి నెర్రెలలో తేమ నిలిచేది. నాగలి సాగని, నీడ వీడని ఇటువంటి తావులే మొక్కలకు శరణాలయాలు. మంచుయుగంలో ఐరోపా వృక్షాలెన్నో దక్షిణ ద్వీపకల్పాలలో ఇలాగే తలదాచుకొన్నాయి. మన నేలవేముకు దాయాది అయిన ఒక చిన్న మొక్క నల్లమలలో సహజంగా పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామంలోనే నల్లమల ఉన్నది.

అయితే శరణాలయం చిన్నది. చుట్టూ ప్రత్తి, మిరప చేలుంటే మరొక కొండ నుండి విత్తనం వచ్చి చేరడం కష్టం. ఉన్న పది మొక్కల వేళ్లూ త్రవ్వితే అక్కడ ఆ జాతి కథ ముగిసినట్లే.

నలభై ఏళ్ల క్రితం నేను సుగంధిపాల సేకరించిన ఒక గట్టుకు ఇటీవల మరల వెళ్లాను. తీగ లేదు, గుంటలు మిగిలాయి. ఆ గుంటలలో నేను వ్రాసిన మందుచీటీలకూ భాగమున్నది.

ఆకులు రాలిన శిశిరంలో గాని, గ్రీష్మంలో గాని వేళ్లు తీయమన్నాడు చరకుడు. "విత్తు రాలనిదే వేరు ముట్టకు నాయనా, సగం తల్లికి వదులు" అనేవారు మా గురువుగారు.

గృహిణులారా! కణుపులున్న తిప్పతీగ ముక్కను పెరటి వేపచెట్టు మొదట నాటండి. నేలవేము విత్తనాలను కుండీలో చల్లండి. సుగంధిపాలను వేరుముక్కతో పెంచి, రెండు మూడేళ్లు ఓపిక పట్టండి. పిదప కొద్దిపాటి వేరుబెరడును మరిగించి, వడగట్టి, పటికబెల్లంతో త్రాగితే వేసవిలో చలువ. గర్భిణులు, నిత్యం మందులు వాడేవారు వైద్యుని అడగనిదే దేనినీ సేవించరాదు.

మీ పెరటిలో మొలిచే ప్రతి తీగా కొండమీది తీగకు ఆయుష్షు పోస్తుంది.